అంట్లు తోమితే ఎక్సర్‌సైజేనా? క్యాలరీ యాప్, చేతి బ్యాండ్ 14 నెలలు వాడాక నా రివ్యూ

ముందే చెప్తున్నా, ఇది ఏ కంపెనీనో తిట్టడానికి రాస్తున్నది కాదు, అందుకే పేర్లు రాయట్లేదు. తిన్న క్యాలరీలూ ఖర్చయిన క్యాలరీలూ రాసుకునే ఒక ఫ్రీ యాప్, దాంతో పాటు అడుగులూ గుండె వేగం లెక్కపెట్టే, రెండు వేల లోపు వచ్చే చేతి బ్యాండ్, రెండూ కలిపి 14 నెలల నుంచి రోజూ వాడుతున్నా. మొదలుపెట్టినప్పుడు 68 కిలోలు, ఇవాళ పొద్దున చూస్తే 61.8. వినడానికి బానే ఉంది కదా, కానీ మొదటి మూడు నెలల్లో నేను తగ్గింది ఎంతనుకున్నారు, 400 గ్రాములు. పొద్దున్నే తూచుకుంటే 400, భోజనం చేసి తూచుకుంటే అదీ లేదు. ఇందులో తప్పు యాప్‌ది కొంత, నాది చాలా. గొడవంతా ఒక్క దగ్గరే వచ్చింది, రోజూ చేసే పనుల్లో ఏది ఎక్సర్‌సైజ్ కింద రాయాలి, ఏది రాయకూడదు అని.

నా సంగతి కొంచెం చెప్తే అర్థమవుతుంది. ఉండేది హైదరాబాద్‌లో, వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని, రెండు రోజులు ఆఫీసు. వంట, ఇల్లు ఊడ్చి తడిబట్ట పెట్టడం, రాత్రి అంట్లు నావి, పొద్దుటి అంట్లకి పనమ్మాయి వస్తుంది. యాప్‌లో ఎక్సర్‌సైజ్ లిస్టు తెరిచి చూస్తే వంట చేయడం, గిన్నెలు కడగడం, ఇల్లు ఊడవడం అన్నీ ఉన్నాయండీ! నాకింక పండగే. వంట గంటన్నర అని కొడితే 204, అంట్లు అరగంటకి 61, ఊడవడం ఇరవై నిమిషాలకి 75, మొత్తం 340 క్యాలరీలు కాల్చేశావు శభాష్ అని ఆకుపచ్చ రంగులో చూపించేది. నాకు పెట్టిన లిమిట్ రోజుకి 1,300, అది కాస్తా 1,640 అయి కూర్చునేది, నేను ఆ 340 వదలకుండా తినేదాన్ని, మనం కష్టపడి సంపాదించుకున్నదే కదా అని.

మూడో నెలలో ఒక రోజు రాత్రి అంట్లు తోమి చేతులు తుడుచుకుని ఫోన్‌లో ఎక్కిస్తుంటే అత్తయ్య గారు చూసి అదేంటని అడిగారు. చెప్పా. ఆవిడ ఒక్క నిమిషం ఆలోచించి, "ఈ అంట్లు పెళ్ళైన కాణ్ణించీ తోముతూనే ఉన్నావు కదమ్మాయ్, ఇవి తోముతూనే కదా ఈ ఒళ్ళొచ్చింది" అన్నారు. కోపం వచ్చింది, నిజం. పడుకున్నాక కూడా అదే తిరిగింది బుర్రలో, ఎందుకంటే ఆవిడ చెప్పింది లెక్క ప్రకారం కరెక్టు.

ఎలాగంటే, మొదట్లో యాప్ మనల్ని వయసు, ఎత్తు, బరువు అడిగి ఒక లెక్క వేస్తుంది. 1990లో వచ్చిన మిఫ్లిన్ సెయింట్ జియోర్ ఫార్ములా అని ఉంటుంది, చాలా యాప్‌లు వాడేది అదే. 38 ఏళ్ళు, 157 సెంటీమీటర్లు, 68 కిలోలకి మంచం మీద ఊరికే పడుకున్నా ఒంటికి ఖర్చయ్యేది 1,310 అని వచ్చింది. తర్వాత నువ్వు రోజంతా కూర్చునే మనిషివా, కొంచెం తిరిగే మనిషివా అని అడుగుతుంది. కూర్చునే మనిషి అంటే 1.2తో గుణిస్తుంది, 1,572. కొంచెం తిరుగుతా అంటే 1.375తో, 1,801. నేను ఇంటిపని చేస్తాను కదా అని రెండోది నొక్కా. అంటే నా వంటా నా అంట్లూ నా చీపురూ అప్పటికే ఆ 1,801లో ఉన్నాయి. బరువు తగ్గాలని అందులోంచి 500 తీసేసి 1,300 తినమంది. నేనేమో అవే పనులు మళ్ళీ 340 అని రాసి 500లో 340 తినేశా. మిగిలిన 160 ఎటుపోయిందంటే నూనె, ఇంకెటు పోతుంది. గ్రాము నూనెకి 9 క్యాలరీలు, నేను కళ్ళతో కొలిచి పోసే పోపులో అవన్నీ సర్దుకుపోతాయి.

ఇంకో కిటుకు కూడా ఉంది, దీన్ని నా యాప్ పైకి చెప్పదు. ఈ పనుల లెక్కలన్నీ మెట్ అనే కొలత మీద నడుస్తాయి. ఊరికే కూర్చుంటే 1 మెట్, అంటే కిలోకి గంటకి సుమారు ఒక క్యాలరీ. అంట్లు 2 కన్నా కాస్త తక్కువ, వంట 2, ఊడవడం 3 పైన, మామూలు నడక 3.5 అలా, మెట్లు మెల్లగా ఎక్కినా 4. మరి వంట 2 అంటే అందులో 1 నేను సోఫాలో కూర్చున్నా ఖర్చయ్యేదే! గంటన్నర వంటకి 204 అని చూపించింది చూడండి, అందులో సగం ఉత్తిదే, నిజంగా వంట వల్ల అదనంగా అయింది 102. నడకకి అంత తేడా పడదు, అరగంట నడిస్తే 119 చూపిస్తుంది, అసలు 85. పని ఎంత తేలికైతే లెక్క అంత అబద్ధం అన్నమాట.

అప్పట్నించీ నేను పెట్టుకున్న రూల్ ఒకటే, బరువు పెరిగే రోజుల్లో కూడా చేస్తున్న పని ఏదైనా సరే ఎక్సర్‌సైజ్ కాదు, రాయను. కొత్తగా మొదలుపెట్టినదో, మామూలు కన్నా ఎక్కువ చేసినదో అయితేనే రాస్తా. పనమ్మాయి వాళ్ళ ఊళ్ళో పెళ్ళని వెళ్ళి 40 రోజులు రాలేదు, అప్పుడు పొద్దుటి అంట్లు మాత్రం రాశా, రాత్రివి రాయలేదు. మధ్యలో వాషింగ్ మెషీన్ కూడా మొరాయించింది (కష్టాలెప్పుడూ ఒక్కటే రావు కదా), దుప్పట్లు చేత్తో ఉతికి పిండి డాబా మీదకి మోసిన రోజు మాత్రం మొహమాటం లేకుండా వంద రాసుకున్నా, చెమటలు కారిపోయాయి మరి. పండగ ముందు బూజులు దులిపిన రెండ్రోజులూ రాశా, కానీ అరిసెలు కూడా రాశా కాబట్టి చెల్లుకు చెల్లు.

యాప్ మీద నాకున్న అసలు కంప్లైంట్ ఇక్కడే. ఎక్కువ చేస్తే కలుపుకోవచ్చు, తక్కువ చేస్తే తీసేసే దారి లేదు. ఇంటి నుంచి పని ఉన్న రోజు నా అడుగులు మూడు వేలు కూడా దాటవు, ఆఫీసు రోజు ఆరు వేలు. మరి ఆ మూడు రోజులూ మైనస్ రాయాలి కదా? చివరికి నేనే కూర్చునే మనిషి సెట్టింగ్‌కి మార్చేసి లిమిట్ నేనే లెక్క వేసి పెట్టుకున్నా. మన తార్నాకలో ఉన్న ఎన్‌ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్ళ 2020 లెక్కల్లో కూడా 55 కిలోల ఆడమనిషికి కూర్చునే పనైతే 1,660, ఓ మోస్తరు కష్టమైతే 2,130 అని ఉంది, అంటే ఆ ఒక్క బటన్ తప్పు నొక్కితే ఎంత తేడా వస్తుందో మీరే చూసుకోండి.

ఇంక బ్యాండ్ సంగతి. గుండె వేగం బానే చూపిస్తుంది, అడుగులు నవ్వొచ్చేలా చూపిస్తుంది. పన్నెండు చపాతీలకి పీట మీద కూర్చుని పిండి కలిపితే 260 అడుగులు. గుంతల రోడ్డు మీద ఆటోలో వస్తే 700. సూపర్ మార్కెట్‌లో ట్రాలీ పట్టుకుని ముప్పావుగంట తిరిగితే మాత్రం చెయ్యి కదల్లేదని 300 దాటలేదు. ఒకరోజు అత్తయ్య గారి చేతికి పెడితే హారతి గంట కొట్టేటప్పటికే ఆవిడ అడుగులు పెరిగిపోతున్నాయి. క్యాలరీలైతే అసలు నమ్మొద్దు, 2017లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ళు ఏడు రకాల బ్యాండ్లు పరీక్షిస్తే అన్నిట్లోకీ మంచిది కూడా సగటున 27 శాతం తప్పింది, చెత్తది 93 శాతం. అవి నా బ్యాండ్ కన్నా ఖరీదైనవి. పదివేల అడుగుల టార్గెట్ కూడా 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే మిషన్ అమ్మడానికి పెట్టిన పేరులోంచి వచ్చిందట, డాక్టర్లు తేల్చి చెప్పిన నంబరేం కాదు, అది తెలిశాక రాత్రి పదకొండింటికి హాల్లో గుండ్రంగా తిరగడం మానేశా.

తిరుపతి వెళ్ళినప్పుడు అలిపిరి నుంచి నడిచాం, 3,550 మెట్లు, దాదాపు 9 కిలోమీటర్లు. గాలిగోపురం దాకా నా పని అయిపోయింది, పక్కన అందరూ గోవిందా అంటుంటే నేను ఆగి, రెయిలింగ్ పట్టుకుని, ఊపిరి తీసుకుని అనాల్సి వచ్చింది. గోపురం దాటాక దారి చాలా వరకు చదును, మా ఆయనతో కబుర్లు చెప్పుకుంటూ నడిచా. బ్యాండ్‌కి ఆ రెండూ ఒకటే! రెండిట్నీ నడక అని ఒకే రేటు కట్టింది, ఎత్తు తెలిసే సెన్సార్ దాంట్లో లేదు మరి. ఆ రోజు నుంచి బ్యాండ్ కన్నా నా ఊపిరినే నమ్ముతున్నా. మాట్లాడగలిగి పాట పాడలేకపోతే ఓ మోస్తరు ఎక్సర్‌సైజ్, నాలుగు మాటలకే ఆగాల్సి వస్తే గట్టిది, హాయిగా కూనిరాగం తీయగలిగితే అది ఇంటిపని. అంట్లు తోమేటప్పుడు నేను పాటలు పాడతా.

ఈ లెక్కన మా ఇంట్లో ఎక్సర్‌సైజ్ అనిపించుకున్నవి నాలుగే: పొద్దుటి అరగంట వేగం నడక, ఆఫీసులో లిఫ్ట్ వదిలేసి ఎక్కే నాలుగంతస్తులు (మొత్తం కలిపినా మూడు నాలుగు నిమిషాలే, కానీ డబ్ల్యూహెచ్‌ఓ వాళ్ళు 2020లో కనీసం పది నిమిషాలు ఏకధాటిగా చేయాలన్న షరతు తీసేశారు కాబట్టి వారానికి 150 నిమిషాల లెక్కలో ఇవీ వేసుకుంటున్నా), ఆదివారం మా అబ్బాయితో షటిల్, డాబా మీదకి నీళ్ళ బకెట్లు మొయ్యడం. కూరగాయలు తేవడం తీసేశా, మనం నడిచేది తక్కువ, బేరమాడేది ఎక్కువ. రాసుకున్నవి కూడా యాప్ చూపించినదాంట్లో సగమే తింటున్నా.

మిగతావి చకచకా. యాప్‌లో ఇంటి సాంబార్ అని కొడితే మూడు ఎంట్రీలు వస్తాయి, మూడిటికీ పొంతన ఉండదు, పప్పూ నూనే తూచి మీ సాంబార్ మీరే ఎక్కించుకోండి. బ్యాటరీ మొదట్లో పన్నెండు రోజులు, ఇప్పుడు ఆరు. పట్టీ ఎనిమిదో నెలలో తెగింది, 250 పెట్టి కొన్నా. నిద్ర లెక్క చూడటం మానేశా, ఫోన్ చూస్తూ పడుకున్నా నిద్రే అంటుంది. యాప్‌కి 4 స్టార్లు, ఆకుపచ్చ రంగులో శభాష్ అన్నందుకు ఒకటి కోసేశా. బ్యాండ్‌కి రెండున్నర. యాప్ ఇంకా వాడతా, బ్యాండ్ పట్టీ మళ్ళీ తెగితే మాత్రం కొనను.