కొసావోనా, తూర్పు తిమోరా: పరాయి పాలన కింద ఎన్నికకు ఏ దారి మేలు?

2001లో రెండున్నర నెలల తేడాతో రెండు ఎన్నికలు జరిగాయి. ఆగస్టు 30న ఇండోనేషియా నుంచి విడిపోతున్న తూర్పు తిమోర్‌లో, నవంబర్ 17న అప్పటికి యుగోస్లావియాలో భాగమైన కొసావోలో. రెండు చోట్లా అప్పటికి సొంత ప్రభుత్వం లేదు. 1999లో ఊళ్లు తగలబడి, జనం చెల్లాచెదురయ్యాక ఐక్యరాజ్య సమితే వచ్చి పగ్గాలు పట్టుకుంది. చట్టం చేసేది, పోలీసుల్ని నడిపేది, జడ్జీలను నియమించేది అంతా సమితి ప్రతినిధే. పాలించే సంస్థ ఒకటే అయినా రెండు చోట్లా ఎన్నిక పెట్టిన తీరు పూర్తిగా వేరు. వేసిన ఓటుకు ఎంత బరువుందో తెలియాలంటే ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడాల్సిందే.

తిమోర్‌లో ముందు సభను ఎన్నుకున్నారు, రాజ్యాంగం ఆ సభే రాసుకుంది. కొసావోలో ముందు నిబంధనలు తయారయ్యాయి, తర్వాత వాటి లోపల మెలిగే సభను ఎన్నుకోమన్నారు. అసలు తేడా ఇదే.

కొసావో నిబంధనల పత్రం మీద 2001 మే 15న సంతకం చేసింది అప్పటి సమితి ప్రతినిధి హాన్స్ హేకెరుప్. ఆయన డెన్మార్క్ మనిషి. స్థానికులు కూడా కూర్చుని చర్చించినా చివరి మాట ఆయనదే. దాన్ని రాజ్యాంగం అనలేదు, ‘రాజ్యాంగ చట్రం’ అన్నారు. అందులో 8వ అధ్యాయం చదివితే మనసు చివుక్కుమంటుంది. సభను రద్దు చేసే అధికారం, బడ్జెట్ మీద తుది మాట, జడ్జీల నియామకం, విదేశాలతో ఒప్పందాలు, అన్నీ సమితి ప్రతినిధి దగ్గరే ఉంచేశారు.

ఇది కాగితం మీద రాత మాత్రమే కాదని ఏడాది తిరగ్గానే తెలిసింది. అంతకుముందు యుగోస్లావియా, మాసిడోనియా సరిహద్దు ఒప్పందం చేసుకున్నాయి. కొసావో అంచు భూమి ఎటు పోవాలో కొసావో వాళ్లను అడగలేదు. 2002 మే 23న రాజధాని ప్రిష్టినాలో సభ కూర్చుని, తమ ప్రాంత సరిహద్దుల రక్షణ పేరుతో ఒక తీర్మానం చేసింది. అప్పటికి ప్రతినిధిగా ఉన్నది మైకేల్ స్టైనర్. సభ ఓటేసిన కాసేపటికే ఆ తీర్మానం చెల్లదని ఆయన ప్రకటించేశారు. ఆరు నెలల క్రితం క్యూలో నిలబడి ఓటేసిన మనిషి ఆ రోజు ఏమనుకుని ఉంటాడు? నా వరకు కొసావో ఎన్నిక లోటు అక్కడే బయటపడింది.

సమితి వైపు నుంచి కూడా చూడాలి. భద్రతా మండలి 1244 తీర్మానం కొసావోకు గట్టి స్వయంపాలన అంటూనే, యుగోస్లావియా ప్రాదేశిక సమగ్రతకు కట్టుబడి ఉంటామంది. కొసావో విడిపోవాలా వద్దా అన్న అసలు ప్రశ్న తేల్చకుండా వాయిదా వేశారు కాబట్టి పూర్తి అధికారం ఉన్న సభను పెట్టే ధైర్యం ఎవరూ చేయలేదు. తిమోర్‌లో ఆ చిక్కు లేదు. 1999 ఆగస్టు 30 రెఫరెండంలోనే 78.5 శాతం మంది ఇండోనేషియా నుంచి విడిపోతామని తేల్చి చెప్పారు. సరిగ్గా రెండేళ్లకు, అదే తేదీన రాజ్యాంగ సభకు ఓటేశారు. నూటికి 91 మందికి పైగా వచ్చారు. కొసావోలో వచ్చింది సుమారు 64 శాతం.

తిమోర్ ఓటరు చేతికి రెండు బ్యాలెట్లు ఇచ్చారు. ఒకటి దేశమంతా ఒకే నియోజకవర్గంగా 75 సీట్లకు, పార్టీల వారీగా. రెండోది జిల్లాకొక్కరు చొప్పున 13 సీట్లకు. చదవడం రానివాళ్లు ఎక్కువున్న చోట గుర్తు చూసి ఓటేయడం ఎంత అవసరమో మనకు వేరే చెప్పక్కర్లేదు. కానీ ఈ రెండో బ్యాలెట్ దగ్గర నాకు అభ్యంతరం ఉంది. ఫ్రెటిలిన్ పార్టీకి 57 శాతం ఓట్లకు 75లో 43 సీట్లు వచ్చాయి, న్యాయమే. జిల్లాల్లో మాత్రం 13లో 12 దానికే పోయి మొత్తం 88లో 55 అయ్యాయి. రాజ్యాంగం ఆమోదించడానికి 60 ఓట్లు చాలు. అంటే ఒక చిన్న పార్టీ తోడు వస్తే సరిపోయింది.

ఈ విషయంలో కొసావో పద్ధతి మేలు. అక్కడ ఎక్కువమంది అల్బేనియన్లు. 120 సీట్లలో 100 అందరికీ, 20 మైనారిటీలకు. ఆ ఇరవైలో 10 సెర్బులకు, మిగతా 10 రోమా, అష్కాలీ, ఈజిప్షియన్, బోస్నియాక్, టర్కిష్, గొరానీ వాళ్లకు. పైగా ఆ వంద సీట్లకూ వాళ్లు పోటీ చేయొచ్చు. సెర్బుల కూటమి ‘పొవ్రాతక్’ (తిరిగి రావడం అని అర్థం) మొత్తం 22 సీట్లు తెచ్చుకుంది. అల్బేనియన్ నేత ఇబ్రహీం రుగోవా పార్టీకి 47 వచ్చాయి, ఎవరికీ మెజారిటీ లేదు. దాంతో అధ్యక్షుణ్ణి ఎన్నుకోవడానికి మూడుసార్లు ప్రయత్నించి విఫలమయ్యారు. 2002 మార్చి 4న గానీ పని జరగలేదు. ఆ మూడున్నర నెలల టెన్షన్‌ను నేను తప్పుగా చూడను. కూర్చుని మాట్లాడుకోవాల్సి రావడం ఆ సమయంలో అవసరమే. అయితే 2004 అక్టోబర్‌లో సెర్బులు ఎన్నికను బహిష్కరించారు. వంద మందిలో ఒక్కరు కూడా ఓటేయలేదు, అయినా వాళ్ల 10 సీట్లూ లెక్క ప్రకారం నిండాయి. అంతకు ఏడు నెలల ముందు, మార్చిలో, వాళ్ల ఇళ్లు, చర్చిలు తగలబెట్టారు. బయటికి రావడానికే భయపడే మనిషికి సభలో కుర్చీ కేటాయించినంత మాత్రాన ధైర్యం రాదు.

మహిళల సంగతి రెండు మాటల్లో. కొసావోలో పార్టీల జాబితాల్లో మూడోవంతు మహిళలు ఉండాలని నియమం పెట్టారు, 34 మంది గెలిచారు. తిమోర్‌లో కోటా ప్రతిపాదన వీగిపోయింది. అయినా మహిళా సంఘాలు పట్టు వదలకుండా పనిచేయడంతో సభలో నాలుగోవంతుకు పైగా మహిళలే అయ్యారు.

కంబోడియాను కూడా ఇక్కడ తలచుకోవాలి. 1993 మేలో సమితి పెట్టిన ఎన్నికకు దాదాపు 90 శాతం మంది వచ్చారు. రాకుమారుడు రణరిద్ పార్టీకి 58, అప్పటికే గద్దె మీదున్న హున్ సేన్ పార్టీకి 51 సీట్లు. ఓడినా హున్ సేన్ పక్షం గద్దె దిగలేదు, ఎందుకంటే సైన్యం, పోలీసు, జిల్లా ఆఫీసులు వాళ్ల చేతిలోనే ఉన్నాయి. చివరికి ఇద్దరు ప్రధానులని రాజీ కుదిర్చారు. 1997లో హున్ సేన్ రణరిద్‌ను బలవంతంగా తరిమేశారు. తుపాకులు ఎవరి దగ్గరున్నాయో చూడకుండా పోలింగ్ పెడితే ఇంతే.

నన్నడిగితే తిమోర్ దారే మేలు, ఒక్క షరతుతో. రాజ్యాంగం రాసిన సభ, రాయడం అయ్యాక ఇంటికి వెళ్లాలి. తిమోర్‌లో అలా జరగలేదు. 2002 మే 20న స్వాతంత్ర్యం వచ్చిన రోజు ఆ సభే పార్లమెంటుగా మారిపోయి అయిదేళ్లు కూర్చుంది. మన రాజ్యాంగ సభ కూడా 1950 జనవరి తర్వాత తాత్కాలిక పార్లమెంటుగా పనిచేసింది గానీ, రెండేళ్లకే సాధారణ ఎన్నికలు వచ్చాయి. తిమోర్‌లో ఆ రెండో ఓటు రాకముందే 2006 వచ్చింది. సైన్యంలో చీలిక వచ్చి రాజధాని దిలీ వీధులు మళ్లీ తగలబడ్డాయి, లక్షన్నర మంది ఇళ్లు వదిలారు, ప్రధానిగా ఉన్న అల్కతిరి రాజీనామా చేశారు. దీనికి కారణాలు చాలా ఉన్నాయి. కానీ జనం కోపం చెప్పుకోవడానికి 2004లోనే ఒక బ్యాలెట్ ఉండి ఉంటే బాగుండేదని నాకు గట్టిగా అనిపిస్తుంది.

2007 జూన్ 30న ఆ బ్యాలెట్ వచ్చింది. ఎనభై శాతం మంది వెళ్లి ఓటేసి ఫ్రెటిలిన్‌ను 65లో 21 సీట్లకు దించారు. అదే ఏడాది నవంబర్‌లో కొసావో మూడోసారి సభను ఎన్నుకుంది. అప్పటికీ 8వ అధ్యాయం అలాగే ఉంది. పోలింగ్ 64 నుంచి నలభై శాతం చుట్టుపక్కలకు పడిపోయింది.