వెల్డింగ్ షాపు ర్యాకులో యాంపు, ఫోనో, టర్న్‌టేబులు: ఆర్నెల్లు వాడాక

నేను విజయవాడలో కరెంటు డిపార్ట్‌మెంటులో రిటైరైనవాణ్ణి. ట్రాన్స్‌ఫార్మర్ల హోరు వింటూ ముప్పై ఏళ్లు గడిపి, తీరా మా హాల్లో యాంపు (స్పీకర్లను మోగించే యాంప్లిఫయరు) లోపలి ట్రాన్స్‌ఫార్మర్ నెత్తినే ఫోనో ప్రీయాంపు (రికార్డు సూది నుంచి వచ్చే సన్నటి సిగ్నల్ని పెంచే డబ్బా) పెట్టుకుని, రొద ఎక్కణ్ణుంచి వస్తోందా అని రెండు నెలలు వెతికాను. పాత స్టాఫ్ ఎవరూ ఇది చదవరనే ధైర్యంతో రాస్తున్నాను.

నా సామాను: క్లాస్ ఏబీ రకం యాంపు ఒకటి, పది కిలోలుంటుంది. సీడీ ప్లేయరు, డీఏసీ (డిజిటల్ సిగ్నల్ని ఆడియోగా మార్చే పెట్టె), అరచేతంత ఫోనో డబ్బా, రికార్డులు తిప్పే ఆడియో టెక్నికా ఏటీ-ఎల్పీ120ఎక్స్ టర్న్‌టేబులు. ఆర్నెల్ల క్రితం దాకా ఇవన్నీ పాత షోకేసులో ఉండేవి. యాంపు మీద సీడీ ప్లేయరు, దాని మీద ఫోనో, సరిగ్గా పైన చెక్క మీద టర్న్‌టేబులు. చూడ్డానికి ముచ్చటగానే ఉండేది. కానీ పద్యాల రికార్డు పెడితే, గాయకుడు ఊపిరి తీసుకునే చోటల్లా సన్నగా "మ్‌మ్‌మ్" అని వినిపించేది. మా ఆవిడ రెండు రోజులు విని, "ఇంట్లో ఈగల మోత అంటే ఇదేనేమోనండీ" అంది.

ముందు ఎర్తు వైరును అనుమానించాను. విప్పి, గీకి, మళ్లీ బిగించాను. లాభం లేదు. ఒక రాత్రి మోటారు ఆపి, చేత్తో టోన్‌ఆర్మును (సూదిని మోసే కడ్డీని) మెల్లగా లోపలికి జరుపుతుంటే విషయం బయటపడింది. సూది రికార్డు అంచున ఉన్నప్పుడు రొద తక్కువ, లేబులు దగ్గరికి వస్తున్నకొద్దీ ఎక్కువ. కింద యాంపులో ట్రాన్స్‌ఫార్మరు సరిగ్గా ఆ వైపే ఉంది! ఫోనో డబ్బాను చేతిలోకి తీసుకుని పైకెత్తితే రొద ఇంకొంచెం తగ్గింది, దించితే పెరిగింది. అంటే కార్ట్‌రిడ్జీ (సూది కదలికను కరెంటుగా మార్చే చిన్న ముక్క) కొంత, ఫోనో కొంత, రెండూ ఆ అయస్కాంత క్షేత్రాన్ని తాగుతున్నాయి.

లెక్క చూస్తే ఆశ్చర్యమేమీ లేదు. ఈ టర్న్‌టేబులుతో వచ్చే ఏటీ-వీఎం95ఈ కార్ట్‌రిడ్జీ ఇచ్చేది 4 మిల్లీవోల్టులు. ఫోనో దాన్ని 40 డెసిబెల్స్, అంటే వంద రెట్లు పెంచుతుంది. పాటతోపాటు దొంగతనంగా దూరిన 50 హెర్ట్జ్ కరెంటు రొద కూడా పెరుగుతుంది. అదృష్టమేమిటంటే ట్రాన్స్‌ఫార్మరు నుంచి కాస్త దూరం జరిగాక, ఆ దూరం రెట్టింపైతే క్షేత్రం సుమారు ఎనిమిదో వంతుకి పడిపోతుంది. మనకి కావాల్సింది కాస్త జాగా, అంతే.

అందుకని మా వీధి చివరి వెల్డింగ్ షాపులో ర్యాకు చేయించాను. అంగుళం చదరం పైపు, 19 ఎంఎం ప్లైవుడ్డు, రెండు వరసలు, మధ్యలో అడుగు ఖాళీ. ఎడమ వరసలో యాంపు, సీడీ. కుడి వరసలో పైన టర్న్‌టేబులు, దాని కింద ఫోనో. ప్లైవుడ్డుతో కలిపి 7,200 రూపాయలైంది. ఆన్‌లైన్లో నేను చూసిన ఆడియో ర్యాకులు దీనికి నాలుగింతలు. రొద పోయిందా అంటే, వాల్యూము మూడొంతులు పెట్టి స్పీకరుకి చెవి ఆనిస్తే తప్ప వినపడటం లేదు.

విడదీసేటప్పుడు ఒక్కటి మర్చిపోవద్దు. టర్న్‌టేబులు నుంచి ఫోనోకి వెళ్లే కేబులు పొట్టిగానే ఉండాలి. ఈ కార్ట్‌రిడ్జీకి కేబులు, ఫోనో ఇన్‌పుట్టు కలిపి కెపాసిటెన్స్ (కరెంటును దాచుకునే గుణం) 100 నుంచి 200 పికోఫారడ్‌లు ఉండాలని కంపెనీయే చెబుతుంది. పొడుగు కేబులేస్తే అది దాటిపోయి పైస్థాయి శబ్దాల తీరు మారుతుంది. పొడుగు అవసరమైతే ఫోనో నుంచి యాంపుకి వేసుకోండి. నాది రెండు మీటర్లు, ఏ ఇబ్బందీ లేదు.

వేడి సంగతి ఇంకో తలనొప్పి. మే నెల, హాల్లో ఏసీ లేదు, గదిలోనే 37 డిగ్రీలు. ప్యానెళ్లు చూడటానికి వాడిన ఐఆర్ గన్ (దూరం నుంచే వేడి కొలిచేది) ఇంకా నా దగ్గరుంది. సీడీ ప్లేయరు యాంపు జాలీని మూసినప్పుడు పై రేకు 59 చూపించింది. ఇప్పుడు పైన ఆరంగుళాల ఖాళీ ఉంది, అదే రికార్డు, అదే వాల్యూము, 47. యాంపు లోపల ఉండే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు (కరెంటును దాచి ఇచ్చే భాగాలు) పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుందనేది మా ఫీల్డులో పాత లెక్క. యాంపు కాళ్ల కింద పెట్టే వేల రూపాయల కోన్‌లకన్నా ఈ ఆరంగుళాల గాలి మేలు.

సీడీ, డీఏసీ మాత్రం ఒకదాని మీద ఒకటే ఉన్నాయి. మా అల్లుడు నాకు కనపడకుండా వాటిని పది సార్లు పేర్చి, విడదీసి పాట పెట్టాడు. నేను సరిగ్గా చెప్పింది ఐదు. బొమ్మాబొరుసు వేసినా అంతే వచ్చేది కాబట్టి, వాటికి వేరే అర కట్టించమని ఎవరికీ చెప్పను.

ఇక షాపు పనితనం. చెప్పిన రోజుకి ఇవ్వలేదు, ఆదివారం అంటే గురువారమైంది. వెల్డింగ్ ముద్దలు గ్రైండింగ్ చేయకుండానే నల్ల రంగు పూసేశారు, చెయ్యి పెడితే గీసుకుంటుంది. పైపు తడితే గుడి గంటలా మోగింది. కృష్ణ ఇసుక జల్లెడ పట్టి, రెండు రోజులు ఎండబెట్టి, కాగితం గరాటుతో నాలుగు కాళ్లలో నేనే నింపాను. ఇప్పుడు తడితే "థప్" అంటుంది. షోకేసు చెక్క మీద ఉన్నప్పుడు మనవరాలు గెంతితే సూది ఎగిరేది, ఇప్పుడు ఎగరట్లేదు.

ఒక కాలు మాత్రం రెండు మిల్లీమీటర్లు పొట్టి. అడిగితే "నేలే వంకరండీ" అన్నాడు. దాని కింద గడువు తీరిన ఏటీఎం కార్డులు రెండు ఉన్నాయి.