నాలుగేళ్ల ప్రోగ్రెసివ్ కళ్లద్దాలు, అందులో తొమ్మిది నెలల మెడనొప్పి

'థ' పొట్టలో చుక్క ఉందో లేదో చూడటానికి కోడి నీళ్లు తాగినట్టు గడ్డం పైకెత్తి చదివిన తొమ్మిది నెలల గురించి ముందు చెప్పాలి. నేను ప్రూఫులు దిద్దే మనిషిని. 'థ'కూ 'ధ'కూ తేడా ఆ ఒక్క చుక్కే. అది నా కంట పడకపోతే 'కథ' కాస్తా 'కధ' అయి అచ్చవుతుంది. పుస్తకం బయటికి వచ్చాక తిట్లు తినేది నేనే.

ప్రోగ్రెసివ్ లెన్సు అంటే ఏమిటో నలభై దాటినవాళ్లకు చెప్పనక్కర్లేదు. మిగతావాళ్ల కోసం: ఒకే లెన్సులో పైన దూరపు చూపు, కింద చదువు చూపు, మధ్యలో గీత ఉండదు. చత్వారం అన్న మాటలోనే నలభై దాగి ఉంది. నా మొదటి జత నాలుగేళ్ల కిందటిది. చదువుకు అదనంగా ఇచ్చే పవరు, అంటే చీటీలో 'యాడ్' అని రాసేది, అప్పుడు 1.50. పెట్టుకున్న వారంలోనే అలవాటైపోయింది. నాన్నగారి బైఫోకల్‌లో ఉండే అర్ధచంద్రపు గీత లేదు, జేబులో రెండో జత మోయనక్కర్లేదు. కనిపించినవారందరికీ కొనమని చెప్పాను. ఇప్పుడు వాళ్లలో కొందరికి ఫోను చేసి, 'మీ ఫ్రేము ఎత్తు ఎంత?' అని అడగాలనిపిస్తోంది.

రెండేళ్లకు యాడ్ 2.00 అయింది. ఈసారి మా అమ్మాయి ముచ్చటపడి సన్నటి ఫ్రేము ఎంచింది. నాకూ నచ్చింది, అద్దంలో కాస్త చిన్నవాడిలా కనిపించాను. షాపువారు కొలతలు తీసుకుని, భేషుగ్గా ఉంటుందన్నారు. ఆ తర్వాత మొదలైంది. దూరం బాగానే కనిపించేది. ప్రూఫు చేతిలోకి తీసుకుంటే మాత్రం అక్షరాలు మసక. సాయంత్రానికి మెడ పట్టేసేది. షాపుకు వెళ్తే, "అలవాటవుతుంది సార్, పదిహేను రోజులు ఆగండి" అన్నారు. ఆగాను. మళ్లీ వెళ్తే మళ్లీ అదే మాట. కంటి డాక్టరు దగ్గరికి వెళ్తే మరోసారి పరీక్ష చేసి, చీటీలోని పవరు సరైనదేనన్నారు. ఇక తప్పు నా మెడదో, నా వయసుదో అనుకుని ఊరుకున్నాను.

గుట్టు విప్పింది కాఫీ. ఒక చలి ఉదయం గ్లాసు నోటి దగ్గర పెట్టుకోగానే ఆవిరికి అద్దాలు మసకబారాయి. తీసి తుడవబోతుంటే ఆ మసకలో ఒక చిన్న గుండ్రటి గుర్తు కనిపించింది. మళ్లీ ఊదాను. అదే లెన్సులో అవతలి పక్కన ఇంకొకటి. చెవి వైపున్న దాని కింద '20' అని చెక్కి ఉంది. అంటే యాడ్ 2.00. స్కేలు పెట్టి చూస్తే రెండు గుర్తుల మధ్య సరిగ్గా 34 మిల్లీమీటర్లు. తర్వాత తెలిసింది, ప్రోగ్రెసివ్ లెన్సులన్నిటిలోనూ ఈ గుర్తులు ఇలాగే ఉంటాయట. రెండున్నరేళ్లుగా ముక్కు మీద మోస్తూ ఒక్కసారీ చూడలేదు!

పవరు తప్పు కాదని తేలింది. మరి మిగిలింది ఏమిటి? అద్దం ముందు నిలబడి, కళ్లజోడు పెట్టుకుని, నల్లపాప ఎదురుగా లెన్సు మీద స్కెచ్‌పెన్నుతో చుక్క పెట్టాను. ఆ చుక్క నుంచి ఫ్రేము కింది అంచుకు 13 మిల్లీమీటర్లు. బిల్లులూ కవర్లూ దాచే జబ్బు నాకుంది, ఆ రోజు అదే అక్కరకొచ్చింది. లెన్సు వచ్చిన కవరు మీద కనీసం 18 ఉండాలని స్పష్టంగా అచ్చువేసి ఉంది. ప్రోగ్రెసివ్‌లో నల్లపాప ఎదుట దూరపు చూపు పవరు ఉంటుంది, అక్కడి నుంచి కిందికి దిగేకొద్దీ చదువు పవరు పెరుగుతూ పోతుంది. నా లెన్సులో అది పూర్తయ్యేది సుమారు 14 మిల్లీమీటర్లు దిగాక. అంటే నేను డబ్బు పెట్టి కొన్న చదువు భాగం ఫ్రేములోకి రానేలేదు. షాపులో లెన్సు అరగదీసే యంత్రం కింద పొడిగా రాలిపోయింది.

అడిగితే, "ఫ్రేము మీరే ఎంచుకున్నారు కదా" అన్నారు. అది నిజమే, కాదనలేను. కానీ కొలిచిన చేతులు నావి కావు.

వేరే షాపులో రెండు దారులు చూపారు. అదే ఫ్రేములో పవరు త్వరగా పెరిగే పొట్టి రకం లెన్సు వేయించుకోవడం, లేదా ఎత్తు ఎక్కువున్న ఫ్రేము తీసుకోవడం. మొదటిది చవక, పైగా అమ్మాయి ఫ్రేము మిగులుతుంది. అక్కడే మింక్విట్స్ అడ్డొచ్చాడు. 1963లో ఆ జర్మన్ గణితజ్ఞుడు తేల్చిన సూత్రం ఇది: లెన్సు మధ్యలో పైనుంచి కిందికి దిగే దారిలో పవరు ఎంత వేగంగా పెరిగితే, ఆ దారి నుంచి పక్కకు జరిగినప్పుడు అక్కర్లేని ఆస్టిగ్మాటిజం, అంటే చూపును మసకబరిచే దోషం, దానికి రెండింతల వేగంతో పెరుగుతుంది. 2.00 పవరు 14 మిల్లీమీటర్లలో పెరిగితే పక్కకు మిల్లీమీటరుకు సుమారు 0.29 డయాప్టర్లు (లెన్సు పవరును కొలిచే ప్రమాణం). అదే 11లో పెరిగితే 0.36. లైను మొదటి నుంచి చివరిదాకా కన్ను పరుగెత్తించే పని నాది, పక్కచూపు ఇంకా ఇరుకైతే ఎలా? పెద్ద ఫ్రేమే తీసుకున్నాను. ఇప్పుడు నల్లపాప కింద 22 మిల్లీమీటర్లు ఉంది. అమ్మాయి మొహం చిట్లించింది.

పదిహేను నెలలైంది. మెడనొప్పి పోయింది, 'థ'లో చుక్క కనిపిస్తోంది. అయినా మొదటి జతను పొగిడినంతగా దీన్ని పొగడలేను. పక్కచూపు మసక లెక్కే ఆ జత యాడ్ 1.50కి, అదే 14 మిల్లీమీటర్లకు వేస్తే 0.21 మాత్రమే వస్తుంది. పైగా అప్పటికి నా కంట్లోని కటకం ఇంతగా బిగుసుకుపోలేదు, దగ్గరి చూపులో కొంత పని అదే చేసేది. నేను లెన్సుకు కట్టబెట్టిన మెప్పులో సగం దానికి చెందాల్సింది. ఇప్పుడు స్టేషన్ వంతెన మెట్లు దిగేటప్పుడు చదువు భాగంలోంచి చూస్తే మెట్ల అంచులు అలికినట్టు ఉంటాయి. తల వంచి పై భాగంలోంచి చూడాలి. లేకపోతే కమ్మీ పట్టుకోవాలి, నేను రెండూ చేస్తాను.

బయట తిరుగుతూ, బోర్డులు చూస్తూ, మధ్యమధ్య ఫోను చదువుకునేవారైతే ఇది హాయిగానే ఉంటుందేమో. నాలా రోజుకు ఆరు గంటలు కాగితం మీద వాలేవారి సంగతి వేరు. పెద్ద ప్రూఫు షీట్లు వచ్చిన రోజున నేను సొరుగులోంచి మామూలు చదువు కళ్లద్దాలు తీస్తాను. ఆ పక్కనే సన్నటి ఫ్రేము కూడా ఉంది. పారేయడానికి అమ్మాయి ఒప్పుకోవడం లేదు.