నెల్లూరులో ఎల్ఈడీ స్ట్రిప్పు కొనేవాళ్ళకు: చూపించింది ఒకటి, కట్టి ఇచ్చింది ఇంకొకటి

ఇప్పుడే నెల్లూరు నుంచి కావలికి తిరిగి వచ్చాను. చొక్కా కూడా మార్చుకోకుండా రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి. కొట్టు పేరు రాయను, రాయనక్కర్లేదు కూడా. మెట్ల కింద ఉండే ఆ కొట్టే. బోర్డు కావాలన్నా సెన్సార్ కావాలన్నా మనలో సగం మంది పరుగెత్తేది అక్కడికే.

బల్ల వెనక గోడకు రంగులు పారే లైట్లు పెట్టుకోవాలని నా సరదా. నోడ్‌ఎంసీయూ అనే చిన్న కంట్రోలర్ బోర్డులో, లైట్లను ఆడించే డబ్ల్యూఎల్ఈడీ ప్రోగ్రామ్ ఎక్కించి సిద్ధంగా ఉంచాను. కొనవలసింది ఒక్కో ఎల్ఈడీ విడిగా వెలిగే డబ్ల్యూఎస్2812బీ రకం స్ట్రిప్పు, 5 వోల్టుల అడాప్టర్. నిండు తెలుపులో ఒక్కో ఎల్ఈడీ 60 మిల్లీఆంపియర్ల దాకా లాగుతుంది. మీటరుకు 60 చొప్పున రెండు మీటర్లకు 120, అంటే 7.2 ఆంపియర్లు. అందుకే అడాప్టర్ 10 ఆంపియర్లది తీసుకున్నాను. లెక్కలు ఇంత బాగా వేసినవాణ్ణి, కళ్ళు మాత్రం ఇంట్లో వదిలి వెళ్ళాను.

నిన్న కొట్లో కౌంటరు పైన అద్దం అంచుకు స్ట్రిప్పు ఒకటి అతికించి ఉంది. ఒక వెలుగు చుక్క ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తుతోంది, వెనకాల తోకలా రంగులు. "ఇదే కావాలి" అన్నాను. "అచ్చం ఇదే సార్" అన్నాడు. రెండు మీటర్లు కోసి ఇవ్వడట, 5 మీటర్ల రీలు మొత్తం తీసుకోవాలట. 1,350 రూపాయలు. బిల్లు అడిగితే 18 శాతం పెరుగుతుందన్నాడు. వద్దులే అన్నాను. 243 రూపాయలు మిగిలాయని సంబరపడిన మహానుభావుణ్ణి నేనే. లోపలికి వెళ్ళి, వెండిరంగు కవరులో సీలు వేసిన రీలు తెచ్చి చేతిలో పెట్టాడు.

ఇంటికొచ్చి విప్పితే నాలుగు తీగలు, నేనడిగిన రకానికి మూడే ఉంటాయి. అక్కడే ఆగవలసింది. కానీ మనకు కాస్త చదువు ఎక్కువ కదా! డబ్ల్యూఎస్2813 అనే ఇంకో రకంలో, బోర్డు నుంచి సంకేతం తెచ్చే డేటా తీగకు తోడుగా ఇంకో తీగ ఉంటుంది, అదే ఇచ్చాడు కాబోలు, పైరకం సరుకు అనుకుని మురిసిపోయాను. కలిపాను. ఒక్కటీ వెలగలేదు. డేటా తీగ మార్చాను, బోర్డులో ప్రోగ్రామ్ మళ్ళీ ఎక్కించాను, రెసిస్టర్ తీసేసి చూశాను. రాత్రి రెండయింది. చివరికి ఫోను లైటు దగ్గర పెట్టి, కత్తిరించే గీత దగ్గరి అక్షరాలు చదివాను: ప్లస్ 12, జీ, ఆర్, బీ. అంటే 12 వోల్టులు, ఆకుపచ్చ, ఎరుపు, నీలం. ఎల్ఈడీ లోపల చిప్పు ఉండవలసిన చోట ఏమీ లేదు. పెళ్ళి పందిట్లో అంతా ఒకే రంగులో వెలిగే మామూలు స్ట్రిప్పు అది! అందులో మూడేసి ఎల్ఈడీలు వరుసగా కలిపి ఉంటాయి కాబట్టి 5 వోల్టులకు కన్ను కూడా తెరవవు. నా తీగలు మొదటి నుంచీ సరిగ్గానే ఉన్నాయి.

పొద్దున్నే మళ్ళీ బస్సెక్కాను. పొరపాటున వేరే రీలు వచ్చిందేమో, మారుస్తాడనే నమ్మకం. రీలు బల్ల మీద పెట్టి నెమ్మదిగానే చెప్పాను. దాన్ని ముట్టుకోను కూడా ముట్టుకోలేదు. "సీలు చించేశావు కదా" అన్నాడు. నిన్నటి 'సార్' రాత్రికి రాత్రే 'నువ్వు' అయిపోయింది. "నేను అడిగింది ఒక్కొక్కటి విడిగా వెలిగేది" అన్నాను. "అలాంటివి మా కొట్లో పెట్టం" అన్నాడు.

ఆ మాట అంటున్నప్పుడు అతని తల మీదుగా ఆ వెలుగు చుక్క ఇటు నుంచి అటు పరుగెత్తుతూనే ఉంది! ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. వేలెత్తి చూపించాను. తల తిప్పి చూడలేదు. చేయి చాచి స్విచ్చు ఆపేశాడు. అంతే. తర్వాత నా వెనక నిలబడినవాళ్ళకు వినిపించేలా, "వీడియోలు చూసి అందరూ ఇంజనీర్లే, బిగించడం రాక సరుకును అంటారు" అన్నాడు. ఎవరో నవ్వారు. నోట మాట రాలేదు నాకు. రావలసిన మాటలన్నీ తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక వరుసగా వచ్చాయి.

డబ్బు కన్నా ఆ స్విచ్చు ఆపిన తీరే మింగుడు పడటం లేదు.

కొనేవాళ్ళు ఒక్క నిమిషం ఆగి గీత దగ్గర చదవండి: 5 వోల్టులు, డీఐఎన్ లేదా డీఐ (డేటా లోపలికి వెళ్ళే చోటు), జీఎన్‌డీ (గ్రౌండ్) ఉండాలి. మీ బోర్డు తీసుకెళ్ళి, మీకిచ్చే రీలునే అక్కడ వెలిగించి చూడండి. బిల్లు తీసుకోండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు రేపు ఫోన్ చేస్తాను, చేతిలో ఉన్నది ఫోనులో డబ్బు పంపిన రుజువు ఒక్కటే.

కావలిలో ఎవరి దగ్గరైనా 12 వోల్టుల అడాప్టర్ ఉంటే చెప్పండి, రీలు 300కు ఇచ్చేస్తాను. ఏ రకమో ముందే చెప్పాను. సీలు చించి ఉంది, బిల్లు లేదు.