‘సముద్రానికి భేషుగ్గా పనికొస్తుంది’ అన్నంత మాత్రాన డబ్బు కట్టేయకండి

యూకేలో పాత మోటార్ క్రూయిజర్ (లోపల ఉండటానికి వీలున్న ఇంజిన్ బోటు) కొందామని చూస్తున్న మనవాళ్ళందరికీ ఈ హెచ్చరిక. కెంట్‌లో రోచెస్టర్ దగ్గర, మెడ్వే నది మీద ఒక బోటు అమ్మకానికి ఉంది. 1970ల నాటిది, తొమ్మిది మీటర్ల పొడవు, ఒకటే డీజిల్ ఇంజిన్. అంతకుముందు చాలా ఏళ్ళు అలింగ్టన్ లాక్‌కి (సముద్రపు ఆటుపోట్లు పైకి రాకుండా నదిని ఆపే గేట్లు) ఎగువన, మంచినీళ్ళలోనే ఉంది. ప్రకటనలో మాత్రం ‘సముద్ర ప్రయాణానికి సిద్ధం, కేటగిరీ బి’ అని రాశారు. మా బావగారూ నేనూ కలిసి కొందామని పదో వంతు అడ్వాన్స్ కట్టాం. సర్వే (నిపుణుడు చేసే బోటు పరీక్ష), సముద్రంలో ట్రయల్ రెండూ బాగుంటేనే కొంటామని కాంట్రాక్టులో రాయించాం. ఈ షరతు లేకుండా ఎవరూ ఒక్క పౌండు కూడా కట్టొద్దు.

ముందు ఆ ‘కేటగిరీ బి’ సంగతి. బోటు ఎలాంటి గాలికి, అలలకి తగిందో చెప్పే ఎ, బి, సి, డి అనే డిజైన్ కేటగిరీలు యూరప్‌లో తప్పనిసరి అయింది 1998 జూన్‌లో. ఫోర్స్ 8 దాకా, అంటే చాలా జోరుగా వీచే గాలిని, నాలుగు మీటర్ల దాకా అలలను తట్టుకునేలా తయారైన బోటుకి బి ఇస్తారు. తర్వాతెప్పుడో విడిగా పరీక్ష చేయించి ఉంటే తప్ప, 1970ల బోటుకి ఆ కేటగిరీ రాసిన ప్లేటు ఉండదు. రుజువు ఏదని అడిగితే బ్రోకర్ బోట్ సేఫ్టీ స్కీమ్ సర్టిఫికెట్ తెచ్చి చూపించాడు. మనవాళ్ళు మోసపోయేది ఇక్కడే. నదులు, కాలువల మీద తిరిగే బోట్ల కోసం నాలుగేళ్ళకోసారి చేసే పరీక్ష అది. మంటలు, పేలుడు, కాలుష్యం, ఇవే చూస్తారు. హల్ (బోటు అడుగుభాగపు గుల్ల) గట్టిగా ఉందా, అలల్లో నిలబడుతుందా అన్నవాటి జోలికే పోరు.

ట్రయల్ వద్దని బ్రోకర్ చాలా నచ్చజెప్పాడు. ‘నది మీద అరగంట తిప్పితే చాలదా సార్’ అన్నాడు. మేం ఒప్పుకోలేదు. ఓనర్, మా సర్వేయర్, మేమిద్దరం నది సముద్రంలో కలిసే చోటున్న షీర్‌నెస్ దాటి బయటికి వెళ్ళాం. ఆటు నీళ్ళు బయటికి లాగుతుంటే ఎదురుగా ఈశాన్యపు గాలి. అలలు పెద్దవేం కావు, కానీ పొట్టిగా, నిటారుగా వరసపెట్టి కొడుతున్నాయి. కాసేపటికే ఇంజిన్ గొంతు మారి, దగ్గి, ఆగిపోయింది. 1944లో మునిగి, ఇప్పటికీ లోపల దాదాపు 1,400 టన్నుల పేలుడు పదార్థాలున్న రిచర్డ్ మాంట్‌గోమరీ ఓడ ఉన్నది ఆ చుట్టుపక్కలే. అలాంటి చోట ఇంజిన్ లేకుండా కొట్టుకుపోతుంటే ఎంత టెన్షనో చెప్పలేను.

ఫిల్టర్ విప్పితే నల్లటి జిగురు. డీజిల్‌లో నీరు చేరితే సూక్ష్మజీవులు పెరిగి ఇలా అవుతుంది. నది మీద అది ట్యాంకు అడుగునే కదలకుండా పడి ఉంటుంది. అలలకి ట్యాంకు కుదిలితే ఒక్కసారిగా పైకి లేచి ఫిల్టర్‌ని మూసేస్తుంది. అందుకే నది మీద అరగంట తిప్పితే ఈ జబ్బు బయటపడదు. కొత్త ఫిల్టర్ వేసి మెల్లగా వెనక్కి తెచ్చాం.

తర్వాత క్రేన్‌తో పైకి ఎత్తించాం. హల్‌కి బిగించిన ఒక ఇత్తడి వాల్వుని సర్వేయర్ చాకుతో గీకితే పసుపు బదులు గులాబీ రంగు కనిపించింది. గట్టిగా నొక్కితే పొడిగా రాలింది. ఉప్పునీళ్ళలో ఇత్తడిలోని జింకు కరిగిపోతే అలా అవుతుందట. ఆ వాల్వు ఊడితే బోటులోకి నీళ్ళు రాకుండా ఆపేదేమీ లేదు. ఆనోడ్లు (తాము ముందు తుప్పుపట్టి బోటులోని మిగతా లోహాన్ని కాపాడే ముక్కలు) మెగ్నీషియంవి, మంచినీళ్ళకి వాడేవి, అప్పటికే తినేసినట్టున్నాయి. కాక్‌పిట్‌లో (బోటు వెనక పైకప్పు లేకుండా కూర్చునే చోటు) పడిన నీళ్ళు బయటికి పోయే దారే లేదు, తిన్నగా బోటు అడుగున ఉండే బిల్జ్‌లోకే దిగుతాయి. నది మీద వాన వరకైతే సరే, వెనక నుంచి ఒక అల ఎక్కితే?

అడ్వాన్స్ కోసం వారాల తరబడి తిప్పించుకుని, షరతు రాతలో ఉండబట్టి చివరికి ఇచ్చారు. సర్వే, క్రేన్ ఖర్చులు మావే. ఇంకొకటి కూడా తెలుసుకోండి. బ్రోకర్ మధ్యవర్తి మాత్రమే, అమ్మేది మామూలు ఓనర్. వ్యాపారి దగ్గర కొన్నప్పుడు నాణ్యత విషయంలో 2015 వినియోగదారుల హక్కుల చట్టం ఇచ్చే రక్షణ ఇలాంటి కొనుగోలుకి ఉండదు.

ఆ బోటు మళ్ళీ అమ్మకానికి పెట్టారు, ప్రకటనలో ఒక్క అక్షరం మారలేదు. చూడటానికి వెళ్తే ఆ వాల్వు మార్చిన బిల్లు, డీజిల్ ట్యాంకు కడిగించిన బిల్లు అడగండి. అవి చూపించకపోతే అక్కడి నుంచే వెనక్కి వచ్చేయండి.