ఓవెన్ పెట్టలేని ఎండల్లో మామిడి కాబ్లర్: స్లో కుక్కర్ వాడుతున్న నా అనుభవం

బెజవాడలో మామిడిపండ్లు బాగా దొరికే రోజులూ వంటింట్లో నిలబడలేని రోజులూ ఒక్కసారే వస్తాయి. బంగినపల్లి మంచి తీపికి వచ్చేది మే నెలలో. ఎండ 45 డిగ్రీల దాకా పోయేదీ అప్పుడే. అలాంటి మధ్యాహ్నం ఓటీజీని, అంటే చిన్న కరెంటు ఓవెన్‌ని, 180 డిగ్రీల మీద ముప్పావుగంట పెట్టామంటే వంటిల్లే కాదు, హాలు కూడా రాత్రి దాకా చల్లబడదు. మేముండేది సత్యనారాయణపురంలో, పై అంతస్తులో. నెత్తిన స్లాబ్ తప్ప ఇంకేమీ లేదు. అందుకే స్లో కుక్కర్, అంటే తక్కువ సెగతో గంటల తరబడి ఉడికించే కరెంటు కుక్కర్, గురించి ఎవరు అడిగినా నేను ముందు చెప్పేది ఒక్కటే: ఇల్లు వేడెక్కకుండా వేసవిలో పండ్లతో వేడి స్వీట్ చేసుకోవచ్చు. మిగతా గుణాలన్నీ దాని తర్వాతే.

మాది మూడున్నర లీటర్లది. లోపల పింగాణీ గిన్నె, పైన గాజు మూత, లో, హై, వామ్ అని తిప్పే నాబ్. కొన్నది రాజ్మా, శనగల కోసం. కాబ్లర్ అంటే అడుగున పండ్ల ముక్కలు, పైన కేకు లాంటి పిండి పోసి చేసే స్వీట్. దాని సంగతి తర్వాత మా ఆడపడుచు కూతురు చెప్పింది, వాళ్లు అమెరికాలో పీచ్ పండ్లతో చేసుకుంటారట. నూజివీడు పక్కనే ఉన్న మనకి పీచ్‌లు వెతుక్కోవాల్సిన ఖర్మేంటి? మామిడితో మొదలుపెట్టాను. కొన్నేళ్లయింది, ఇప్పటికీ వేసవిలో వారానికి ఒకసారైనా చేస్తాను.

పని పావుగంట కూడా పట్టదు. గిన్నెకి లోపలంతా వెన్న రాసి, మూడు పెద్ద బంగినపల్లి పండ్ల ముక్కలు, పావు కప్పు పంచదార, ఒక చెంచా కార్న్‌ఫ్లోర్, అర చెక్క నిమ్మరసం కలిపి అడుగున పరుస్తాను. ఒక కప్పు మైదా, అరకప్పు పంచదార, చెంచాన్నర బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు, ఏలకుల పొడి, పావు కప్పు కరిగించిన వెన్న, అరకప్పు పాలు ఉండల్లేకుండా కలిపి పైన పోస్తాను. గుడ్డు అక్కర్లేదు కాబట్టి అత్తయ్యగారు కూడా నిశ్చింతగా తింటారు. హైలో రెండు నుంచి రెండున్నర గంటలు. మధ్యలో మూత తియ్యకూడదు. ఒక్కసారి తీస్తే పోయిన వేడి మళ్లీ రావడానికి ఇరవై నిమిషాల పైనే పడుతుంది.

పండు విషయంలో మాత్రం రాజీ పడొద్దు. చిన్న రసాలు పిసికి జుర్రుకోవడానికే బాగుంటాయి. కుక్కర్లో వేస్తే ముక్క నిలవదు, రసమంతా కారి అడుగు పల్చగా అయిపోతుంది, పీచు పళ్లలో పడుతుంది. బంగినపల్లికి పీచు ఉండదు, కండ గట్టిగా ఉంటుంది. రెండు గంటలు ఉడికినా ముక్క ముక్కలాగే మిగులుతుంది. అది కూడా మెత్తగా పండింది కాదు, ఇంకో రెండు రోజులు ఆగితే బాగుంటుంది అనిపించేది తీసుకోండి. నేనైతే సగం పండిన కలెక్టర్ కాయ ఒకటి సన్నగా తరిగి కలుపుతాను. ఆ కాస్త పులుపు పడితేనే తీపి మొహం మొత్తదు.

మొదటిసారి చూసినప్పుడు అత్తయ్యగారు "ఇది మా దాలి లాంటిదేనమ్మా" అన్నారు. పొద్దున పిడకల సెగ మీద పాలకుండ పెడితే సాయంత్రానికి పాలు ఎర్రగా కాగి, మందంగా మీగడ కట్టేది కదా, అదే పద్ధతి. సెగ తక్కువ, సమయం ఎక్కువ. రుచంతా అందులోంచే వస్తుంది.

ఇక నాకు ఈ కుక్కర్ మీద గురి కుదిరిన రోజు సంగతి చెప్పాలి. పోయిన ఏడాది మే ఆఖర్లో మా ఆడపడుచు వాళ్లు తెనాలి నుంచి వచ్చారు. వంటింట్లో ప్లగ్ ఖాళీ లేక కుక్కర్‌ని హాల్లో, టీవీ పక్కన చిన్న ప్లగ్‌కి పెట్టాను. కాబ్లర్ ఎక్కించి గంట అయ్యిందో లేదో, ఉన్నట్టుండి ఆకాశం మసకబారి గాలిదుమారం లేచింది. మా వీధి చివర వేపకొమ్మ తీగల మీద పడిందట, కరెంటు పోయింది. సాయంత్రానికి గానీ రాదన్నారు. పిండి సగం ఉడికి ఆగితే ఇక పనికిరాదు. బేకింగ్ పౌడర్‌తో పొంగినదంతా కుంగిపోయి, మళ్లీ వేడి పెట్టినా బంకలాగే మిగులుతుంది. మూడు పండ్లూ వెన్నా పోయినట్టే అనుకుంటూ వెళ్లి చూస్తే కుక్కర్ లైట్ వెలుగుతూనే ఉంది!

ఆ చిన్న ప్లగ్ ఇన్వర్టర్ లైన్లో ఉందని అప్పుడు తెలిసింది. వంటింటి పవర్ ప్లగ్‌లన్నీ ఇన్వర్టర్‌కి బయటే ఉంటాయి, ఓటీజీ అయితే ఎలాగూ ఆగిపోయేది. ఓటీజీ తీసుకునే 1200, 1500 వాట్లు ఇంట్లో ఉండే మామూలు ఇన్వర్టర్ మొయ్యలేదు కూడా. ఈ కుక్కర్ హైలో తీసుకునేది 220 వాట్లే. అంటే దాదాపు మూడు ఫ్యాన్ల కరెంటు. మా ఆయనకి టెన్షన్ పట్టుకుంది: "బ్యాటరీ దిగిపోతే రాత్రికి పిల్లలు ఎలా పడుకుంటారు? తీసెయ్." ఆయన అన్నదీ న్యాయమే. అప్పుడు అత్తయ్యగారే తీర్పు చెప్పారు. "గదుల్లో ఎవరున్నారని మూడు ఫ్యాన్లు తిరుగుతున్నాయిరా? అవి కట్టేసి అందరూ ఇక్కడికి రండి." గదుల్లో ఫ్యాన్లు కట్టేశాం. పెద్దలూ పిల్లలూ కలిసి ఒక్క ఫ్యాన్ కింద చాపలు పరుచుకుని కూర్చున్నాం. ఏలకుల వాసన మొదలయ్యేసరికి కరెంటు గురించి మాట్లాడేవాళ్లు లేరు. మిగిలిన గంటన్నరకీ అది లాగింది యూనిట్‌లో మూడో వంతు. కాబ్లర్ చక్కగా ఉడికింది, బ్యాటరీ కూడా కరెంటు వచ్చేదాకా నిలిచింది.

ఇంకో సంగతి. నాబ్ తిప్పే రకం కాబట్టి, ఇన్వర్టర్ లేకపోయినా, కరెంటు పోయి వచ్చిన వెంటనే దానంతట అది మొదలవుతుంది. డిజిటల్ రకాల్లో చాలావాటికి మళ్లీ బటన్ నొక్కాలి. మనం ఇంట్లో లేకపోతే ఆ గిన్నె అలాగే ఉండిపోతుంది. ఐదు, పది నిమిషాల కోతలకి నాబ్ రకమే మేలు. గంటల తరబడి పోతే మాత్రం, మాంసం, పప్పుల్లాంటివి ఎంతసేపు అలా ఉండిపోయాయో తెలియనప్పుడు పారబొయ్యడమే మంచిది.

ఇంత చెప్పాను గానీ మూత మాత్రం బాగా విసిగిస్తుంది. పండ్ల నీరు ఆవిరై గాజు మూత లోపల చుక్కలు కడుతుంది. మూత వాటంగా లేకపోతే ఆ చుక్కలు జారి నేరుగా పిండి మీదే పడతాయి. పైభాగం తెల్లగా, జిగటగా తయారవుతుంది. దీనికి నేను పట్టుకున్న ఉపాయం పాత నూలు పంచె ముక్క. నాలుగు మడతలు వేసి గిన్నె మీద బిగువుగా పరిచి, దాని మీద మూత పెట్టి, నాలుగు కొసలూ పైకి లాగి మూత పిడికి ముడి వేస్తాను. కొసలు కిందికి వేలాడకూడదు, వేడి తగులుతుంది. రెండు గంటల తర్వాత ఆ గుడ్డ పిండితే నీళ్లు కారతాయి. ఆ నీళ్లన్నీ మన పిండి మీద పడాల్సినవే. టర్కీ టవల్ వద్దు, సబ్బు వాసన పట్టేస్తుంది. కంపెనీ వాళ్ల చిన్న పుస్తకంలో ఈ సంగతి ఒక్క ముక్క రాసి ఉండాల్సింది.

గుడ్డ కట్టినా ఓవెన్‌లో వచ్చే ఎర్రటి కరకర రాదు. లోపలి వేడి, నీళ్లు మరిగే స్థాయిని దాటదు కాబట్టి, గిన్నె గోడకి ఆనిన అంచు మాత్రమే కాస్త గోధుమరంగు తిరుగుతుంది. నేను పంచదారలో సగానికి బెల్లం పొడి వేస్తాను, రంగూ రుచీ రెండూ బాగుంటాయి. కరకరలాడాలనేవాళ్లకి పైన వేయించిన జీడిపప్పు చల్లి ఇస్తాను. మా పిల్లలకి అది చాలు, మా మరిదికి చాలదు.

ఇల్లు వేడెక్కదు అన్న మాటకి కూడా కొంచెం సవరణ ఉంది. రెండు గంటలయ్యాక కుక్కర్ చుట్టూ ఒక అడుగు దాకా వెచ్చగానే ఉంటుంది. ఆపేసినా పింగాణీ గిన్నె చాలాసేపు చల్లారదు, పిల్లలున్న ఇంట్లో హాల్లో పెట్టినప్పుడు ఒక కన్ను వేసి ఉంచాలి. వేడి గిన్నెలో చన్నీళ్లు పొయ్యకూడదు, బీట తీస్తుంది.

మిగతా పండ్లలో అనాస బాగా కుదిరింది, వానాకాలంలో అదే చేస్తాను. సపోటా మరీ తీపి. జామకి గింజలు తియ్యలేక చస్తాం.

కొనాలా అంటే మీ ఇంటిని బట్టి. వంటింట్లో ఏసీ ఉన్నా, కాబ్లర్ చలికాలంలోనే తినాలనిపించినా ఓటీజీలోనే చేసుకోండి, పైపొర దానికే బాగా వస్తుంది. కేవలం కాబ్లర్ కోసమైతే నేనూ కొనమనను, మా ఇంట్లో అది రాజ్మాకీ పాయసానికీ కూడా పనికొస్తోంది కాబట్టి డబ్బు దండగ అనిపించలేదు. మాలాగా పై అంతస్తులో ఉండి, ఇన్వర్టర్ ఉండి, మామిడి అంటే పడిచచ్చేవాళ్లయితే, తిప్పే నాబ్ ఉండి 250 వాట్లు దాటని రకం చూసుకోండి. కొన్నాక ముందుగా ఇంట్లో ఏ ప్లగ్ ఇన్వర్టర్ లైన్లో ఉందో ఎలక్ట్రీషియన్ని అడిగి గుర్తు పెట్టుకోండి.