అడ్వెంట్ 201: డాల్బీ సరే, కరెంటు సంగతేంది?

ఈ క్యాసెట్ డెక్కు గురించి రాసినవాళ్లంతా టేపు రొద తగ్గించే డాల్బీనీ, మామూలు దానికన్నా మేలైన క్రోమ్ టేపునీ పొగుడుతారు. నేనూ పొగిడినవాణ్ణే. టేపు వెనకాల వచ్చే ఆ 'సుయ్' రొద దాదాపు పోతుంది, పద్యం మధ్య నిశ్శబ్దం నిశ్శబ్దంగానే ఉంటుంది. కాకపోతే వాళ్లు విన్నది అమెరికా కరెంటు మీద. మేం విన్నది నెల్లూరు కరెంటు మీద.

మా మేనమామ అక్కడినుంచి తెచ్చిచ్చాడు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాం. అది వోల్టేజీని తగ్గిస్తుంది గానీ ఫ్రీక్వెన్సీ (కరెంటు సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందన్నది) జోలికి పోదు. అక్కడ 60 హెర్ట్జ్, మనకి 50. దీని ఏసీ మోటారు ఫ్రీక్వెన్సీని బట్టే తిరుగుతుంది కాబట్టి ఆరు చుట్లు తిరగాల్సిన చోట ఐదే తిరుగుతుంది. బజార్లో కొన్న క్యాసెట్ పెడితే సుశీల గారు కూడా జలుబు చేసినట్టు పాడతారు.

అదే డెక్కులో రికార్డు చేసి అందులోనే వింటే మాత్రం ఏ తేడా తెలీదు. పైగా 60 నిమిషాల క్యాసెట్లో 72 నిమిషాలు పట్టేది! మా పెదనాన్న నాటక పద్యాలు పాడేవాడు. రాగం ఎత్తుకుంటే ఆపే మనిషి కాదు. ఒక్కో వైపు అదనంగా దొరికిన ఆ ఆరు నిమిషాల్లో ఎన్ని పద్యాలు మిగిలాయో.

చిక్కంతా ఒంగోలులో వచ్చింది. పెదనాన్న పోయాక ఒక క్యాసెట్ అక్కడుండే ఆయన కూతురికి, అంటే మా అక్కకి పంపాం. వాళ్ల టూ-ఇన్-వన్‌లో పెడితే టేపు మామూలు వేగంతో పోతుంది కదా, రెండు శ్రుతిలో పాడిన పద్యం ఇంచుమించు నాలుగు శ్రుతికి ఎక్కింది. హార్మోనియం కూడా పరుగే. పిల్లలు పడీపడీ నవ్వారు. అక్క ఫోన్ చేసి, "ఇది మా నాయన గొంతు కాదురా" అంది. డాల్బీతో ఎక్కించిన టేపు డాల్బీ లేని సెట్లో మరీ కీచుగా వినపడుతుంది, అదొకటి.

మెకానిక్ విప్పి చూసి, "మోటారు బాగానే ఉంది సార్, మన కరెంటే నిదానం" అన్నాడు. లేతు మీద మోటారు పుల్లీని ఐదో వంతు లావుగా చేయిస్తే సరిపోతుందన్నాడు. వద్దన్నాను. చేయిస్తే కొన్న క్యాసెట్లు దారిన పడతాయి, పెదనాన్న పాడైపోతాడు.

కంపెనీని అనడానికి లేదు, వాళ్లు వాళ్ల కరెంటుకి చేసుకున్నారు. హెన్రీ క్లాస్ అనే ఆయన 1967లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో పెట్టిన సంస్థ ఈ అడ్వెంట్. ఫిలిప్స్ 1963లో తెచ్చిన క్యాసెట్‌ని మాటలు ఎక్కించుకునే వస్తువుగానే చూస్తున్న రోజుల్లో, దాంతో సంగీతం కూడా వినొచ్చని 1971లో ఈ 201తో చూపించారు. టేపు తిప్పే యంత్రాంగం 3ఎం కంపెనీ వాళ్ల వోలెన్‌సాక్ బ్రాండుది, మోటుగా ఉంటుంది గానీ గట్టిది. ఆ తర్వాత క్లాస్ ధ్యాసంతా పెద్ద తెర టీవీల మీదికి పోయింది. 1981లో కంపెనీ దివాలా తీసింది.

పైన డాల్బీని అంత మెచ్చుకున్నాను గానీ, నిదానంగా పోయే టేపు మీద తాళాల తళుకు కాస్త తగ్గుతుంది. అదీగాక 90ల్లో దక్షిణాది గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 50కి బాగా దిగువనే నడిచేది. లోడు ఎక్కువున్న సాయంత్రం రికార్డు చేసినవి ఇప్పుడు పెడితే శ్రుతి కొంచెం పైనే ఉంటుంది. చెవి పట్టున్నవాళ్లకే తెలుస్తుంది, నాకు తెలుస్తుంది.

కొనమంటారా అని అడిగితే ఏం చెప్పను? మా ఇంట్లో దీంట్లో ఎక్కించిన క్యాసెట్లున్నాయి కాబట్టి నాకు ఇది కావాలి. అవి లేనివాళ్లకి మన కరెంటు మీద దీంతో పని తక్కువ. అలాంటి క్యాసెట్లే ఉండి డెక్కు లేకపోతే, మామూలు సెట్లో పెట్టి కంప్యూటర్లోకి ఎక్కించి, ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో స్పీడు 16.67 శాతం తగ్గించండి, సరిపోతుంది. నేను మాత్రం డెక్కు నుంచే ఎక్కిస్తున్నా. అక్కకి పంపాల్సినవి అయిపోతే పుల్లీ సంగతి అప్పుడు చూద్దాం.